సామాను కాసినవాడు పార్లమెంటు చూసిన రోజు

పార్లమెంటు చూడటానికి ఢిల్లీ వెళ్ళి, పార్లమెంటు చూడకుండా తిరిగొచ్చిన వాళ్ళలో నా అంత అనుభవం ఉన్నవాడు ఈ దేశంలో మరొకడు ఉండడని నా నమ్మకం. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఒకటి రెండేళ్ళకోసారి, బెంగాల్లోని ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికుల్ని వెంటబెట్టుకుని రాజధానికి తీసుకెళ్ళాను. వాళ్ళందరూ లోపలికి వెళ్ళి చూసొచ్చారు. నేను బయట కూర్చుని వాళ్ళ సామాను కాశాను.

నేను రైల్వేలో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుగా చేశాను. కార్మికుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగం అది. పేరుకి మంచిచెడ్డలు గానీ మా దాకా వచ్చేవి ఎక్కువగా చెడ్డలే. షాపులో ఎవరి చెయ్యయినా నలిగితే ఆసుపత్రికి మేమే. ఎవరైనా పోతే ఆ ఇంటికి మేమే. భార్యకి పెన్షను వచ్చేలా చూడటం, ఆవిడకో కొడుక్కో ఉద్యోగం వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరగటం, క్వార్టరు ఖాళీ చెయ్యమని వచ్చినవాళ్ళని కొన్నాళ్ళు ఆగమని బతిమాలటం, ఇవీ మా పనులు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల వీధుల్లో నా సైకిలు ఆగిందంటే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్ళు, ఎవరింట్లో ఏం జరిగిందోనని. పండగపూట నన్నెవరూ భోజనానికి పిలవకపోవటానికి అదీ ఒక కారణం అనుకుంటాను. నేను గుమ్మంలో కనబడితే తినేవాడి ముద్ద గొంతు దిగదు కదా.

ఆ ఏడుపుగొట్టు ఉద్యోగంలో ఉన్న ఒకే ఒక్క సంబరం ఢిల్లీ యాత్ర. సిబ్బంది సంక్షేమ నిధి కింద కొన్ని కుటుంబాల్ని తీసుకెళ్ళి ఊరంతా చూపించేవాళ్ళం. ఎర్రకోట, కుతుబ్ మీనార్, ఇండియా గేటు, రాష్ట్రపతి భవనం బయటి నుంచి, పార్లమెంటు లోపలి నుంచి. ఆ లోపలి నుంచి చూడటంలోనే ఉంది ఘనతంతా. ఎర్రకోట ఎవరైనా చూస్తారు, టిక్కెట్టు కొనుక్కుంటే చాలు. పార్లమెంటుకి సిఫారసు కావాలి, ముందుగా పేర్లు పంపాలి, వాళ్ళు సరేననాలి. లోపలికి వెళ్ళి వచ్చిన ఫిట్టరుకి మలంచా రోడ్డు టీకొట్టు దగ్గర చాలా రోజులపాటు కూర్చోవటానికి బల్ల మీద చోటు దొరికేది. వాడు చెబుతుంటే పక్కవాడు టీ చల్లారబెట్టుకునేవాడు.

నా మొదటి యాత్ర మా ఆవిడ పోయిన ఏడాది జరిగింది. మాకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. పిల్లలు లేరు. అప్పట్లో మా సెక్షనుకి పెద్ద ఒక బెంగాలీ ఆయన, మేమందరం ఆయన్ని బడోబాబు అనేవాళ్ళం. ఎర్రకోటా కుతుబ్ మీనారూ అయ్యాక, పార్లమెంటు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగి అసలు సమస్య చెప్పాడు. లోపలికి సంచులూ కెమెరాలూ తీసుకెళ్ళకూడదు. మరి సామాను మాటేమిటి?

బయటివాళ్ళయితే అక్కడ ఎవరినైనా అడిగి ఉండేవాళ్ళు. మేము రైల్వేవాళ్ళం. సామాను విషయంలో మాకు దేవుడి మీద కూడా నమ్మకం ఉండదు. ప్రయాణికులు పెట్టెలు పోగొట్టుకుని స్టేషనంతా ఎలా తిరుగుతారో, ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని రకాలుగా ఏడుస్తారో రోజూ చూసేవాళ్ళం. అందుకని మన సామాను మనవాడే కాయాలన్నది మా ఇళ్ళలో చంటిపిల్లలకి కూడా తెలిసిన ధర్మం. బడోబాబు చుట్టూ చూశాడు. ఒక్కొక్కరి పక్కనా భార్యో భర్తో పిల్లలో ఉన్నారు. నా పక్కన ఎవరూ లేరు.

"తుమి ఎక్‌టు బోషో, భాయ్," అన్నాడు నా భుజం మీద చెయ్యి వేసి. నువ్వు కాస్త కూర్చో తమ్ముడూ అని.

దయతోనే అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ పూట నాకూ హాయిగానే అనిపించింది. జంటలు జంటలుగా నడిచేవాళ్ళ వెనకాల నడవటం కన్నా సంచుల మధ్య కూర్చోవటమే నయం.

రైల్వేలో ఒక పని ఒకడి మెడకి చుట్టుకుందంటే రిటైరయ్యేదాకా అది వాడిదే. బడోబాబు రిటైరయ్యాడు, యాత్రకి నేనే పెద్దనయ్యాను, అయినా సామాను నాదే. పేర్లు పంపేటప్పుడు నా పేరు చేర్చటం కూడా మానేశాను. గేటుకి బాగా ఎడంగా, రోడ్డు పక్కన ఒక నేరేడు చెట్టు ఉండేది. దాని కింద నా మకాం. పోలీసులు ఏమైనా అంటారని గేటు దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. నేరేడుపళ్ళ కాలంలో వెళితే చొక్కా నిండా ఊదా మచ్చలతో ఇంటికొచ్చేవాణ్ణి.

మనుషుల్ని వాళ్ళ సంచుల్ని బట్టి గుర్తుపట్టే అలవాటు నాకు అక్కడే అబ్బింది. మావాళ్ళలో ఎక్కువమంది పలాస వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు; వాళ్ళ సంచుల్లో మరమరాల డబ్బా ఉండి తీరుతుంది, పక్కనే ఆవకాయ సీసా. బెంగాలీ తిండికి మన కారం కలుపుకుంటే తప్ప ఖరగ్‌పూర్ తెలుగువాడికి సాయంత్రం గడవదు. క్రేన్ డ్రైవరు సంచిలో దేవుడి పటం, వాళ్ళావిడ ఎక్కడికెళ్ళినా వెంట తెస్తుంది. హెడ్ క్లర్కు సంచికి ఎప్పుడూ తాళమే. అందులో తువ్వాలు తప్ప ఇంకేమీ లేదని ఆయన భార్యే నాతో చెప్పింది. ఒకసారి కోతులు వచ్చి పడ్డాయి. ఢిల్లీ కోతులు మన ఊరి వాటిలా కావు, ఆఫీసర్లలా తాపీగా వచ్చి కావలసింది తీసుకుపోతాయి. చేగోడీల పొట్లం ఒకటి పట్టుకుపోతుంటే గొడుగు పట్టుకుని వెంటపడ్డాను. కోతి చెట్టెక్కి నాకేసి చూస్తూ అంతా తినేసింది. ఆ చేగోడీల సొంతదారు ఇప్పటికీ నేనే తినేశానంటాడు.

సెల్‌ఫోన్లు వచ్చాక నా హోదా మరీ పెరిగింది. ఒళ్ళో సంచి నిండా ఫోన్లు. అవి ఊరుకుంటాయా? ఒకదాని తరవాత ఒకటి మోగేవి. తియ్యకపోతే ఇళ్ళ దగ్గర కంగారు పడతారని తీసేవాణ్ణి.

"ఒరే, మందేసుకున్నావా?" అని ఎవరి తల్లో అడిగేది.

"నేను వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్నమ్మా. మీ అబ్బాయి పార్లమెంటులో ఉన్నాడు."

 అవతలి నుంచి, "ఓలమ్మో! ఏటి సేసినాడు బాబూ?"

మీరు నా మీద జాలిపడి పుస్తకం మూసెయ్యకండి. వాళ్ళు తిరిగొచ్చే వేళ నాది. గేటులోంచి బయటపడగానే అందరూ నా దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాళ్ళు. సంచుల కోసమే అనుకోండి. కానీ సంచి చేతికి అందేలోపు నోరు ఆగేది కాదు. చూసినది చూడనివాడికి చెప్పాలి. అక్కడ చూడనివాణ్ణి నేనొక్కణ్ణే.

"సార్, కప్పు ఎంత ఎత్తున్నాదనుకున్నారు? మన షాపు కన్నా ఎక్కువే" అనేవాడు క్రేన్ డ్రైవరు.

"అబద్దం సార్! మన షాపే ఎత్తు. ఈడు ఎప్పుడైనా తలెత్తి సూసినాడేటి?" అనేవాడు వాడి స్నేహితుడు.

కార్పెంటరు బెంచీల చెక్క గురించి చెప్పేవాడు. పెయింటరుకి గోడ రంగు తప్ప ఇంకేమీ కనబడేది కాదు. సమ్మెట కొట్టే ఒక హామర్‌మాన్ భార్య అయితే నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "ఎన్ని స్తంభాలో బాబూ! తాళ్ళు కట్టుకుంటే మన వీధి వీధంతా బట్టలారేసుకోవచ్చు." అందరూ ఒక్కసారే మాట్లాడేవాళ్ళు, ఒకరి మాట ఒకరు కాదనేవాళ్ళు, నేను మధ్యలో నిలబడి ఒక్కొక్కరినీ అడిగి అడిగి చెప్పించుకునేవాణ్ణి. ఇంటికి తిరిగొచ్చాక, వంట చేసుకుంటూ ఆ మాటలన్నీ మళ్ళీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకునేవాణ్ణి. అలా గుండ్రంగా, స్తంభాలతో, నాదంటూ ఒక పార్లమెంటు తయారైంది. అందులో నాకు తెలియని మూల లేదు.

ఇక రిటైర్మెంటు దగ్గరపడింది. అప్పటికి కొత్త భవనం కట్టి అందులోకి మారిపోయారు, చూడటానికి వెళ్ళేవాళ్ళకి చూపించేదీ దాన్నే. నా చివరి యాత్రకి పేర్లు పంపేటప్పుడు మొదటిసారి నా పేరు కూడా చేర్చాను. ఈసారి లోపలికి వెళ్ళాలి. అది చూడకుండా రిటైరైపోతే జన్మంతా గేటు బయటే గడిచిపోయినట్టు అవుతుందని అనిపించింది. ఆ సంగతి ఆఫీసులో పొక్కి, వర్క్‌షాపు దాకా వెళ్ళింది. కనబడిన ప్రతివాడూ "సార్, ఈసారి మీరూనంట కదా" అని పలకరించేవాడు. పెళ్ళి కుదిరినవాణ్ణి పలకరించినట్టు పలకరించేవాళ్ళు. నేనూ సిగ్గుపడకుండా కొత్త చొక్కా ఒకటి కుట్టించుకున్నాను.

ఆ యాత్రలో పెయింటు షాపు హెల్పరు ఒకావిడ ఉంది. భర్త అదే షాపులో పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం ఆవిడకి వచ్చేదాకా తిరిగింది నేనే. పిల్లలు లేరు. న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక గది క్వార్టర్లో ఒక్కతే ఉండేది. ఏడాదికోసారి పలాస వెళ్ళి అన్నగారి ఇంట్లో నాలుగు రోజులుండి రావటమే ఆవిడ చేసిన ప్రయాణం. ఢిల్లీ రమ్మని నేనే బలవంతపెట్టాను.

"నానొక్కర్తినీ ఎవురితో వస్తాను బాబూ?" అంది.

"అందరితోనూ" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో రైలెక్కాక తెలిసింది. కుటుంబాలు ఒకచోట చేరి పొట్లాలు విప్పుకుని తింటుంటే ఆవిడ కిటికీ పక్కన తన డబ్బా తను విప్పుకునేది. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. పిలిచేవాళ్ళు. ఆవిడ "తినండమ్మా, నాకున్నాది" అనేది. రెండోసారి పిలవరు, అంతే. ఎర్రకోట దగ్గర ఫోటోలు తీయటానికి మాత్రం అందరూ ఆవిణ్ణే పిలిచారు. ఇండియా గేటు దగ్గరా అంతే. కుతుబ్ మీనార్ దగ్గర ఎవరి పిల్లాడికో వాంతులైతే వాడి తల అదిమిపట్టుకున్నది కూడా ఆవిడే. ఆ రోజు తీసిన ఫోటోలు నా ఫోనుకి కూడా పంపారు. ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు. నేనూ లేను.

పార్లమెంటుకి వెళ్ళే ముందురోజు సాయంత్రం బసలో అందరం టీ తాగుతున్నాం. మా జట్టులో ఒక ఫిట్టరు ఉండేవాడు. మంచి మాటకారి, ఝపటాపూర్లో సొంత ఇల్లు కట్టుకున్నవాడు, యాత్రకి నాయకుడు తనేననుకునే రకం. వాడు మొదలుపెట్టాడు.

"రేపు సార్ మనతో లోపలికి వస్తన్నారు. మరి సామాన్ల కాడ ఎవురుంటారు?"

 అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. చివరికి ఫిట్టరు భార్య అంది, "పెయింటు షాపు అక్క ఉన్నాది కదా. అక్కకేటి, మొగుడా పిల్లలా, ఎవురికి సూపించాల? కూకుంటాది."

"అవునమ్మా, నాను కూకుంటాను. లోపల నాకేటి తెలుస్తాది?" అంది ఆవిడ వెంటనే.

అంత వెంటనే ఎందుకందో నాకు బాగా తెలుసు. ఎవరైనా మళ్ళీ అడిగి, తను కాదని, వాళ్ళు మొహాలు చూసుకుని, ఆ తతంగమంతా పడేకన్నా ముందే ఒప్పేసుకుంటే పోతుంది. నేను ఇన్నేళ్ళూ చేసింది అదే.  "రేపు చూద్దాంలే" అని లేచిపోయాను.

మర్నాడు వెళ్ళేసరికి అక్కడి దారులన్నీ మారిపోయి ఉన్నాయి. నా నేరేడు చెట్టు ఎటు ఉండేదో కూడా పోల్చుకోలేకపోయాను. ఒక గోడ పక్కన కాస్త నీడ కనబడితే ఆవిడ అక్కడ కూర్చుంది. ఒక్కొక్కరూ వచ్చి సంచి దింపి వెళ్ళారు. ఫోన్లన్నీ ఒక గుడ్డసంచిలో పోసి ఒళ్ళో పెట్టారు. ఫిట్టరు భార్య "అక్కా, ఎర్ర సంచి జాగర్త, అందులో గాజులున్నాయి" అని చెప్పి పమిట సర్దుకుంటూ వెళ్ళింది.

నేను వరసలో నిలబడి వెనక్కి తిరిగి చూశాను. సంచుల మధ్య ఆవిడ తల ఒక్కటే కనబడుతోంది. ఇన్నేళ్ళలో ఆ చోటుని అవతలి వైపు నుంచి నేనెప్పుడూ చూడలేదు. లోపలికి వెళ్ళేవాళ్ళకి నేనూ ఇలాగే కనబడి ఉంటాను, ఎవరైనా వెనక్కి తిరిగి చూసి ఉంటే.

వరస వదిలేసి వెళ్ళాను.

"లే అమ్మా. నీ పేరు కూడా పంపాను. నువ్వెళ్ళు, నేను కూర్చుంటాను."

"అయ్యో, మీరేటి బాబూ! మీరు రిటైరైపోతన్నారు. మళ్ళీ వస్తారేటి? ఎల్లండి, ఎల్లండి."

"నువ్వు మాత్రం మళ్ళీ వస్తావా?"

"నాను సూసి ఎవురికి సెప్పాల బాబూ? ఇనడానికి నా ఇంట్లో ఎవురున్నారు?"

 నా ఇంట్లో మాత్రం ఎవరున్నారు? నేనూ ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆవిడ లేవదు, నేను లేవను. కొత్త చొక్కాకి దుమ్ము. అక్కణ్ణించి ఫిట్టరు "సార్, టైమైపోతన్నాది!" అని కేకలు పెడుతున్నాడు. ఇద్దరం మొండికేసి కూర్చున్నాం.

ఆ సంచుల గుట్టనీ, దాని పక్కన వాదించుకుంటున్న ఇద్దరు ముసలివాళ్ళనీ చూసి కాపలా జవాను వచ్చాడు. "యే సబ్ కిస్‌కా సామాన్ హై?" అని, ఈ సామానంతా ఎవరిదని గద్దించాడు. నేను లేచి నిలబడి, మేము రైల్వే నుంచి వచ్చామనీ, సంక్షేమ విభాగమనీ, నేను ఇన్‌స్పెక్టర్ననీ ఆఫీసు హిందీలో మొదటినుంచీ వివరించబోయాను. ఆవిడకి అంత ఓపిక లేదు.

"భయ్యా, అందర్ జానే‌వాలా లోగ్ సామాన్ కహాఁ రఖ్తా హై?" అని అడిగేసింది. లోపలికి వెళ్ళేవాళ్ళు సామాను ఎక్కడ పెడతారని.

అతను చేత్తో చూపించాడు. అక్కడ కౌంటరుంది, ఇస్తే టోకెన్ ఇస్తారు, వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చు. అందరూ అలాగే చేస్తారు.

"ఎప్పటినుంచి?" అని అడిగాను.

"హమేషా సే," అన్నాడు, మొదటినుంచీ ఉన్నదే, ఇదేం ప్రశ్న అన్నట్టు.

మావాళ్ళంతా దగ్గరికి వచ్చేశారు.  ఫిట్టరు నోరే మొదట జారింది. "అంటే సార్, ఇన్నేళ్ళూ మీరు... సంకలో పిల్లోడిని ఎట్టుకుని ఊరంతా ఎతికినట్టున్నాదే!" వాళ్ళావిడ వాణ్ణి మోచేత్తో పొడిచింది. అప్పటికే అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? ఉద్యోగమంతా చేసిన కాపలా అవసరమే లేనిదని తేలితే మనిషి ఏ మొహం పెట్టాలో ఏ సర్వీసు రూల్సులోనూ లేదు.

పాత భవనం రోజుల్లో కూడా అలాంటి చోటు ఒకటి ఉండే ఉంటుంది. నేను అడగలేదు. రైల్వేవాడు ఇంకో డిపార్ట్‌మెంటు గేటు దగ్గర చచ్చినా దారి అడగడు, అదొక కారణం. అడిగి ఉంటే అందరి వెనకా ఒక్కణ్ణే లోపలికి నడవాల్సి వచ్చేది. ఇదీ ఒక కారణమేనని ఆ నవ్వుల మధ్య నాకు తోచింది. సామాను ఉన్నంతకాలం ఒంటరిగా ఎందుకున్నావని ఎవరూ అడగరు.

సరే, టోకెన్లు తీసుకుని ఇద్దరం అందరితోపాటు లోపలికి వెళ్ళాం. తనిఖీలయ్యాయి. చూపించేవాడు ముందు నడుస్తూ హిందీలో చెబుతున్నాడు. దారిలో పక్కన పాత భవనం కనబడింది. అదే గుండ్రటి భవనం, అవే స్తంభాలు. నా బుర్రలో ఉన్నది ఉన్నట్టు అక్కడ ఉంది. మేము వెళ్ళాల్సింది అటు కాదు. నేను కాసేపు అక్కడే ఆగిపోతే చూపించేవాడు "ఆగే చలియే" అని ముందుకి నడవమన్నాడు.

పైన గ్యాలరీలో కూర్చోబెట్టారు. సభ లేని రోజులు. కింద హాలంతా ఖాళీ. ఎన్ని కుర్చీలో, ఎంత వెలుగో! బాగుంది. బాగుండకపోవటమేమిటి, కళ్ళు చెదిరాయి. కానీ క్రేన్ డ్రైవరు చెప్పిందీ, కార్పెంటరు చెప్పిందీ, హామర్‌మాన్ భార్య చెప్పిందీ ఒక్కటీ అక్కడ లేదు. పెళ్ళివారిల్లు అనుకుని వేరే ఇంట్లో అడుగుపెట్టినట్టుంది నాకు. చుట్టూ మావాళ్ళు గుసగుసలాడుతున్నారు. "అదిగో, అదే స్పీకర్ కుర్సీ" అని ఫిట్టరు తన భార్యకి చూపిస్తున్నాడు. "ఏదీ? అదేనా?" అని ఆవిడ వాడి భుజం మీదుగా వంగి చూస్తోంది. మోచేత్తో పొడిచి చూపించటానికి అందరికీ పక్కన ఒకరున్నారు.

తలెత్తి కప్పు చూసి "అబ్బ!" అని పైకే అనేసి కుడిపక్కకి తిరిగాను. ఖాళీ కుర్చీ. మా ఆవిడ ఉంటే అంత ఎత్తున బూజు ఎలా దులుపుతారని అడిగేది. మా క్వార్టరు కప్పు మీద బూజుతో ఆవిడకి పెద్ద యుద్ధమే ఉండేది. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయినా అంతగా ఎప్పుడూ గుర్తురాలేదు. ఏడుపొచ్చేసింది. కళ్ళజోడు తుడుచుకునే నెపంతో తల వంచుకున్నాను.

పెయింటు షాపు ఆవిడ అదే వరసలో, నాకు రెండు కుర్చీల అవతల కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇంకా అక్కడ ఎవరివో సంచులు ఉన్నట్టే కూర్చుంది. పక్కకి జరిగి ఒక మాట మాట్లాడదామనిపించింది. కానీ భార్య పోయిన ఇన్‌స్పెక్టరు, మొగుడు పోయిన హెల్పరు పక్కన కూర్చున్నాడంటే మా రైల్వే టౌను నోళ్ళు ఎన్ని రోజులు నములుతాయో నాకు తెలుసు. ఆ రెండు కుర్చీలూ ఖాళీగానే ఉండిపోయాయి.

బయటికి వచ్చాం. కౌంటరు దగ్గర ఎవరి సంచి వాళ్ళు తీసుకున్నారు. అందరూ ఫోన్లు తీసి చూసుకోవటం మొదలుపెట్టారు. నేను అలవాటు కొద్దీ కొంచెం ముందుకెళ్ళి, వాళ్ళకి ఎదురుగా తిరిగి నిలబడ్డాను. ఒక్కరూ నా దగ్గరికి రాలేదు. ఆంధ్రా భోజనం దొరికే చోటు ఎంత దూరమని ఒకరు, గోంగూర ఉంటుందా అని ఒకరు. ఇప్పుడే లోపల చూసినదాని గురించి ఎవరూ ఎవరికీ ఒక్క ముక్క చెప్పటం లేదు.

"ఎలా ఉందయ్యా లోపల?" అని ఫిట్టరుని నేనే అడిగాను.

వాడు ఆశ్చర్యంగా చూసి నవ్వాడు. "మీరూ సూసీసినారు కదా సార్. ఇంకేటి సెప్పాల?" అని బస్సెక్కాడు.

వాడిదేం తప్పులేదు. కానీ ఢిల్లీకి నేను చేసిన యాత్రలన్నింటిలో నాకు అంత ఒంటరిగా అనిపించిన క్షణం మరొకటి లేదు. భోజనాల దగ్గర గోంగూర ఉంది. నాకు ఏం తిన్నానో గుర్తులేదు. తిరుగు ప్రయాణమంతా పై బెర్తు మీద పడుకుని గడిపాను.

ఖరగ్‌పూర్‌లో పొద్దున్నే దిగాం. ప్లాట్‌ఫారం మీద ఎవరి మనుషులు వాళ్ళకోసం వచ్చి ఉన్నారు. ఒకరి తమ్ముడు, ఒకరి అల్లుడు, ఒకరి వదిన. పెట్టెలు అందుకోవటం, పిల్లల్ని ఎత్తుకోవటం, "ఎలగున్నాది ఢిల్లీ?" అని అడగటం. జవాబులు చెప్పుకుంటూనే మెట్లవైపు నడిచారు. ఫిట్టరు గొంతు వంతెన మీదికి వెళ్ళేదాకా వినబడుతూనే ఉంది. వాడు తన తమ్ముడికి పార్లమెంటు చెబుతున్నాడు.

నేను కూడా వెళ్ళబోతూ చూస్తే, పెయింటు షాపు ఆవిడ టీ స్టాలు పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. మట్టి కప్పులో టీ తాగుతోంది.

"ఇంటికెళ్ళవా అమ్మా?"

"ఎల్తాను బాబూ. తాళం తీసినాక మరి మాటాడేదేటున్నాది? డూటీకెల్తే మెసీన్ల గోల. అందుకని ఇక్కడ కూకున్నాను." కప్పు పక్కన పెట్టింది. "అక్కడ ఒకటి సూసినాను. సెప్పనా?"

సంచి కింద పెట్టి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"మనం పైనుంచి సూస్తన్నాం కదా. అందరూ ఆ పెద్ద కుర్సీని సూస్తన్నారు. నాను కిందికి సూసినాను. ఒకడు తివాచీ దువ్వుతన్నాడు బాబూ, పొడుగు కర్రకి బ్రెస్సు కట్టి. ఎనక్కి ఎనక్కి నడుస్తా దువ్వుతన్నాడు. ఆడి అడుగులు ఆడే సెరిపీసుకుంటన్నాడు. ఒక్క అడుగు కూడా మిగల్నీలేదు..."

ఆ మనిషిని నేనూ చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాక ఆ హాల్లో నేను చూసింది అతన్నే. అతను అలా వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా వెళ్ళి, విడిచిన చెప్పులు తొడుక్కుని, ఒకసారి హాలంతా కలయజూసి వెళ్ళిపోయేదాకా చూశాను.

ఆవిడ చెప్పటం ఆపి నాకేసి తిరిగింది. "మీరు ఆడిని సూసినారా బాబూ?"

"లేదమ్మా," అన్నాను. "నేను అటు చూడలేదు. చెప్పు."